120 రోజుల కొలువు

పొద్దున ఇచ్చిన రక్తం రిపోర్టు సాయంత్రానికి వచ్చింది. హెచ్‌బీఏవన్‌సీ గీత దాటలేదు, అంతవరకు నయం. ఈ పరీక్ష మూడు నెలల చక్కెర లెక్క చెబుతుందని ఎప్పటినుంచో వింటున్నదే. ఎర్ర రక్తకణం బతికేది దాదాపు 120 రోజులు. అన్నాళ్లూ దానిలోని హిమోగ్లోబిన్‌కి చక్కెర అంటుకుంటూనే ఉంటుంది, కణం పోతే ఆ లెక్కా పోతుంది. కణాలు తొందరగా పగిలిపోయే జబ్బున్నవాళ్లకి ఈ అంకె తక్కువగా చూపించేది అందుకే.

రాత్రి ఇదే ఆలోచన పట్టుకుంది. 120 రోజులేనా, ఎందుకని? కేంద్రకం లేదు కాబట్టి అని బళ్లో చెప్పారు. అది సగం జవాబే. ఎముక మజ్జలోనే కేంద్రకాన్ని వదిలేస్తుంది, తర్వాత శక్తి తయారుచేసే మైటోకాండ్రియా, ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములూ పోతాయి. లోపలంతా దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులే. పాడైన ప్రొటీను బదులు కొత్తది చేసుకునే దారి ఇక లేదు. బాగానే ఉంది, కానీ కోడి రక్తకణానికి కేంద్రకం ఉంటుంది కదా! అయినా అది మన కణమంత కాలం కూడా బతకదు.

నాకు తోచినంతలో అసలు చిక్కు మోసే సరుకుతోనే. ఆక్సిజన్ ఊరుకునే రకం కాదు. రోజూ కొంత హిమోగ్లోబిన్‌లోని ఇనుము తుప్పు పట్టినట్టు పాడవుతుంది. దాన్ని సరిచేసే ఎంజైములు పుట్టుకతో వచ్చినవే, అవీ అరిగిపోతాయి. పైపొర ముక్కలు ముక్కలుగా ఊడుతూ కణం చిన్నదై బిరుసెక్కుతుంది. 7, 8 మైక్రోమీటర్ల వెడల్పున్న కణం రక్తాన్ని వడపోసే ప్లీహంలో ఒక మైక్రోమీటరు సందుల్లోంచి దూరాలి మరి! వయసులో ఉన్నది మడతపడి జారిపోతుంది. ముసలిది ఇరుక్కుంటుంది, అక్కడే కాచుకున్న మాక్రోఫేజ్ అనే రక్షణ కణం మింగేస్తుంది. సెకనుకి 20 లక్షలకు పైగా ఇలా పోతాయి, అన్నే కొత్తగా పుడతాయి.

ఇనుము మాత్రం వృథా పోదు. రోజుకి 20 మిల్లీగ్రాముల పైనే మళ్లీ మజ్జకి చేరుతుంది. తిండిలోంచి వచ్చేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. మిగతా రంగు పదార్థం ముందు ఆకుపచ్చ, తర్వాత పసుపు అవుతుంది. మంచం కోడు తగిలి కమిలిన నా మోకాలి మీద ఇప్పుడు ఆ రెండూ ఉన్నాయి: మధ్యలో ఇంకా ఆకుపచ్చ, అంచున పసుపు.

ఇదంతా చదువుతుంటే నాకు బాగా నచ్చింది డేవిడ్ షెమిన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త సంగతి. ఒళ్లు హిమోగ్లోబిన్ తయారీకి వాడుకునే గ్లైసీన్ అనే అమైనో ఆమ్లాన్ని, గుర్తుపట్టగలిగే బరువు నైట్రోజన్ ఉన్నదాన్ని, 66 గ్రాములు మూడు రోజుల్లో తానే తిని, తన రక్తాన్నే నెలల తరబడి పరీక్షించుకున్నాడు. తోటి శాస్త్రవేత్త రిట్టెన్‌బర్గ్‌తో కలిసి 1946లో అచ్చువేసిన లెక్కలో కణం ఆయుష్షు 127 రోజులు. కణాలు ఎప్పుడు పడితే అప్పుడు చనిపోయేవైతే ఆ గుర్తు మొదటినుంచే తరిగిపోవాలి. అలా కాలేదు. పెరిగి, చాలాకాలం అలాగే నిలబడి, ఆ తర్వాతే దిగింది. అంటే చాలావరకు ప్రమాదంలో కాదు, వయసు మీరాకే పోతున్నాయి.