బోరిసోవ్ వెళ్లింది హ్లెబ్ కోసమే

బెలారస్ రాజధాని మిన్స్క్‌లో మా పిన్ని కొడుకు ఎంబీబీఎస్ చదువుతున్నాడు, మే నెలలో వాడి దగ్గరకి వెళ్లా. "అన్నా, మీర్ కోట చూద్దాం, అందరూ అక్కడికే వెళ్తారు" అంటాడు వాడు, నేనేమో ముందు బోరిసోవ్ అన్నా. ఫుట్‌బాలర్ అలెగ్జాండర్ హ్లెబ్ ఆట మొదలైన ఊరు కదా అది.

రాత్రిళ్లు మేలుకుని లండన్ క్లబ్ ఆర్సెనల్ మ్యాచ్‌లు చూసినోళ్లకి హ్లెబ్ గురించి చెప్పక్కర్లేదు. బాల్ కాలికి అంటుకుపోయినట్టు ఉండేది, ముగ్గురు చుట్టుముట్టినా సందులోంచి జారుకుని వచ్చేసేవాడు, తీరా గోల్ ముందుకొచ్చాక కొట్టకుండా పక్కోడికి పాస్ ఇచ్చేవాడు, కొట్టరా బాబూ అని టీవీ ముందు అరిచేవాళ్లం. 2008 ఏప్రిల్‌లో లివర్‌పూల్‌తో చాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్లో గోల్ ముందు అతన్ని లాగేసినా పెనాల్టీ ఇవ్వలేదు, అది గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుద్ది. ఆ ఏడాదే బార్సిలోనా వెళ్లిపోయాడు. టీమ్ మూడు పెద్ద కప్పులు గెలిచింది కానీ తను చాలావరకు బెంచ్ మీదే. ఆర్సెనల్ వదిలి తప్పు చేశానని తర్వాత తనే చెప్పుకున్నాడు. పాపం, కెరీర్ పాడైపోయిందే అన్న బాధతోనే రైలెక్కా నేను.

ఎలెక్త్రిచ్కా అంటారు అక్కడి లోకల్ రైలుని, గంటన్నర పైనే పట్టింది, కిటికీ బయట అంతా బర్చ్ చెట్లే. బోరిసోవ్ అరేనా ఊరి చివర పైన్ చెట్ల మధ్య ఉంది, 2014లో కట్టారు, ఒళ్లంతా కిటికీ కన్నాలున్న పెద్ద తెల్లటి గవ్వలా ఉంటది. హ్లెబ్ మొదట ఆడిన ఇక్కడి క్లబ్ పేరు బాటె, ట్రాక్టర్లకీ బళ్లకీ ఎలక్ట్రికల్ సామాన్లు చేసే ఫ్యాక్టరీ పేరే అది. 1999లో వాళ్లు మొదటిసారి బెలారస్ లీగ్ గెలిచినప్పుడు హ్లెబ్‌కి 18 ఏళ్లు, మరుసటేడే జర్మనీ క్లబ్ స్టుట్‌గార్ట్ తీసుకెళ్లిపోయింది.

గేటు దగ్గర పసుపు నీలం స్కార్ఫ్ వేసుకున్న ఒక తాతగారు కనపడ్డారు. నేను హ్లెబ్ అనగానే "గ్లెప్" అని సరిదిద్దారు, రష్యన్‌లో అలాగే పలుకుతారంట. బార్సిలోనాలో అలా అయిపోయింది కదా అని మా తమ్ముడి చేత అడిగించా. ఆయన చెయ్యి ఊపేసి, 2012 అక్టోబర్ 2, బాయర్న్, మూడు ఒకటి అన్నారు. మిన్స్క్ డైనమో స్టేడియంలో జర్మనీ క్లబ్ బాయర్న్ మ్యూనిక్‌ని బాటె ఓడించిన మ్యాచ్ అది, అప్పటికి హ్లెబ్ తిరిగి బాటెకి వచ్చేసి ఆడుతున్నాడు, ఆ సీజన్ యూరప్ చాంపియన్ అయింది ఆ బాయర్నే! నేను ఇన్నాళ్లూ 2008 దగ్గరే ఆగిపోయా, వీళ్ల లెక్కలో మాత్రం వాళ్ల కుర్రాడు ఇంటికొచ్చాకే అసలు మ్యాచ్ ఆడాడు. ఆరుసార్లు బెలారస్ బెస్ట్ ప్లేయర్ మరి.

తాతగారు అంతటితో ఆగలా, కింద పడున్న పైన్ కాయని బూటు అడుగుతో తొక్కిపెట్టి, ఎడమకి వెళ్తున్నట్టు భుజం వంచి, కుడికి లాగి చూపించారు. రెండోసారి ఇంకా నెమ్మదిగా చూపించి కాయని నా వైపు తోశారు.