పాపంతో దేవుని స్వరూపం పోయిందా?

"ఆదాము పాపంతో మనిషిలోని దేవుని స్వరూపం పూర్తిగా పోయింది" అన్న మాట ప్రసంగాల్లో తరచూ వినబడుతుంది. బైబిలు వాక్యం అలా చెప్పదు. దేవుడు తన స్వరూపమందు నరుణ్ణి సృజించాడని చెప్పే ఆదికాండము 1:27 దగ్గరే ఆగకుండా 9:6 కూడా చదవండి. అప్పటికి పతనం (ఆదాము పాపంలో పడడం) జరిగింది, జలప్రళయమూ అయిపోయింది. అయినా నరహత్య ఎందుకు ఘోరమంటే, దేవుడు నరుణ్ణి తన స్వరూపమందు చేశాడు గనుక. యాకోబు 3:9 ఇంకా సూటి: ప్రభువును స్తుతించే నాలుకతోనే ఆయన పోలికగా పుట్టిన మనుషుల్ని శపిస్తున్నామంటాడు. వాళ్లు విశ్వాసులై ఉండాలన్న షరతు అక్కడ లేదు.

మరి చెడింది ఏమిటి? కొలొస్సయులకు 3:10, ఎఫెసీయులకు 4:24 కలిపి చూడాలి: దేవుణ్ణి ఎరిగిన జ్ఞానం, నీతి, యథార్థమైన భక్తి. క్రీస్తులో నూతనమయ్యేవి ఇవే.

స్వరూపమంటే బుద్ధిశక్తి మాత్రమే అనుకుంటే మరో చిక్కు. తీవ్ర మానసిక వైకల్యంతో పుట్టిన బిడ్డ తక్కువ మనిషైపోతాడు. ఆదికాండము 9:6 అలాంటి కొలత పెట్టలేదు.