లడ్డూ తిండి మానేసిన చలికాలం

అనంతపురంలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగు చేయడం నా పని. ఇరవై ఆరేళ్లుగా ఇదే. పామును పెంచుతానని కలలో కూడా అనుకోలేదు.

మావాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. దసరాకి వస్తూ మూతకు బెజ్జాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఒళ్ళో పెట్టుకొని వచ్చాడు. "నాయనా, ఇంటి ఓనరుకు తెలిసిపోయింది. వేరే ఇల్లు దొరికేదాకా నీ దగ్గర పెట్టుకో" అన్నాడు. మూత తీస్తే లోపల గోధుమరంగు మచ్చలతో ఉండ చుట్టుకున్న పాము. బాల్ పైథాన్ అంట. ఊరు పశ్చిమ ఆఫ్రికా. విషం లేదు. భయమేస్తే తల లోపల దాచుకొని ఉండలాగా చుట్టుకుంటుంది. అందుకే వాడు దానికి లడ్డూ అని పేరు పెట్టాడు.

మొదట నేను అడిగింది పోలీసు కేసు అవుతుందా అని. మన నాగుపామునో, జెర్రిపోతునో, కొండచిలువనో ఇంట్లో పెట్టుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇది విదేశీ జాతి కాబట్టి కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఆ కాగితాలు వాడి దగ్గర ఉన్నాయి. ఇంకో మాట కూడా అప్పుడే చెప్పాడు, ఇవి ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతాయని. మా ఇంటామె ఆ మాట విని వంటింట్లోకి పోయి గంటసేపు బయటికి రాలేదు.

ఎలుకలు ఫ్రీజర్‌లో గడ్డకట్టినవి తెచ్చాడు. ఇంటి ఫ్రిజ్‌లో పెట్టనివ్వరు కాబట్టి షాపులో ఉన్న పాత 165 లీటర్ల సింగిల్ డోర్ దానికి కేటాయించాను. తిండి పెట్టే ముందురోజు రాత్రి ఎలుకను ఫ్రీజర్ నుంచి కింది అరలోకి మార్చాలి, తర్వాత కవర్లో పెట్టి వేడినీళ్లలో ఉంచి మన ఒంటి వేడికి తేవాలి. ఒక కస్టమరు చల్లనీళ్ల కోసం ఆ ఫ్రిజ్ తెరిచాడు. ఆయన మళ్లీ మా షాపుకు రాలేదు.

వచ్చిన రెండో వారంలో లడ్డూ ఒక ఎలుక తినింది. బరువు 1,340 గ్రాములు. గ్యాస్ నింపేటప్పుడు సిలిండర్‌ను పెట్టి తూచే త్రాసు ఉంది నా దగ్గర, దాని మీదే ప్రతి ఆదివారం డబ్బాతో సహా తూచి, డబ్బా బరువు తీసేసి గోడ మీద క్యాలెండర్లో రాసేవాణ్ణి.

నవంబరు మొదట్లో కుబుసం విడిచింది. మామూలుగా అయితే మేజోడు తిరగేసి విప్పినట్టు ఒక్క ముక్కగా రావాలి. మా లడ్డూకి ఉల్లిపొట్టులాగా ముక్కలు ముక్కలుగా వచ్చింది, కళ్ల మీద పొర అట్లే ఉండిపోయింది. పాముకు రెప్పలుండవు, కంటి మీది పారదర్శకమైన పొలుసు కూడా కుబుసంతోనే ఊడాలి. చిన్న పట్టకారు తీసుకొని కూర్చున్నాను కూడా. వీడియో కాల్‌లో మావాడు అరిచిన అరుపుకు కింద పడేశాను. లాగితే కన్నే పోతుందంట.

కారణం తేమ లేకపోవడం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని ఊరు మాది. దానికి గాలిలో అరవై శాతం తేమ కావాలి. మా మధ్యగదిలో ముప్పై ఐదు. అద్దం తొట్టి, పైన జల్లెడ మూత. చల్లిన నీళ్లు చల్లినట్టే ఆవిరై పోతున్నాయి. తడిగుడ్డ వేసిన డబ్బాలో గోరువెచ్చగా అరగంట ఉంచితే ఒంటి మీది ముక్కలు ఊడాయి. కంటిపొరలు మాత్రం తర్వాతి కుబుసం దాకా ఆగాల్సొచ్చింది.

ఇక్కడే నేను తెలివి చూపించాను. తేమ నిలబడాలని తొట్టిలో కొబ్బరిపొట్టు నాలుగు వేళ్ల మందాన పోసి తడిపాను. తేమ అరవై దాటింది. మావాడికి ఫోటో పంపి, వాడు మెచ్చుకుంటే రెండ్రోజులు ఆ సంతోషంలోనే ఉన్నాను.

అప్పటి నుంచి లడ్డూ తినలేదు.

ఎలుక తోక పట్టకారుతో పట్టుకొని ముందర ఆడిస్తే తల పక్కకు తిప్పుకునేది. వారం, రెండు వారాలు, నెల. "మగవి చలికాలంలో నెలల తరబడి తినవు నాయనా, బరువు తగ్గకపోతే టెన్షన్ వద్దు" అన్నాడు మావాడు. బరువు 1,310 దగ్గర ఉంది. సరే అనుకున్నాను. మా అమ్మ మాత్రం అనుకోలేదు. పుట్టకు పోసినట్టే ఒక చిన్న గిన్నెలో పాలు తెచ్చి తొట్టిలో పెట్టింది. పాము పాలు తాగదని, దాని కడుపుకు అవి అరగవని ఎంత చెప్పినా, "నీకు చదువెక్కువైంది" అంది. నేను చదివింది ఐటీఐ. లడ్డూ ఆ గిన్నెలో తోక ముంచి తిరిగింది అంతే.

డిసెంబరు ఆఖర్లో ఒక రాత్రి ఉన్నట్టుండి పట్టేసింది. ఇల్లంతా పండగ. నాలుగో రోజు పొద్దున తొట్టి మూత తీస్తే ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. సగం అరిగిన ఎలుక పక్కన పడి ఉంది. కక్కేసింది. రెండు వారాలు తిండి చూపించొద్దు, నీళ్లు మాత్రమే, ముట్టుకోవద్దు అన్నాడు మావాడు. కక్కిన కడుపు లోపల పుండులాగా ఉంటుంది, వెంటనే పెడితే మళ్లీ కక్కుతుందంట. సంక్రాంతి దాటేసరికి త్రాసు 1,215 చూపించింది. నూటికి పది వంతులు తగ్గితే ఆలస్యం చేయకూడదని వాడు చెప్పి ఉన్నాడు. తొమ్మిది దాటింది.

మా ఊరి పశువుల డాక్టరు మంచాయన. "గొర్రెకైతే చెప్తానప్పా, దీన్ని నేను ఎప్పుడూ పట్టుకోలేదు" అని నేరుగా చెప్పాడు. ఆ మాటకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. డబ్బా చుట్టూ దుప్పటి కప్పి బెంగళూరు బండెక్కాను.

అక్కడి డాక్టరమ్మ నోరు తెరిచి చిగుళ్లు చూసింది. పుండ్లు లేవు, చీము లేదు. ఊపిరిలో గురగుర లేదు, ముక్కులో బుడగలు లేవు. పొలుసుల సందుల్లో నల్లటి పురుగులున్నాయేమోనని తెల్లగుడ్డ మీద రుద్ది చూసింది. రెట్టను మైక్రోస్కోప్ కింద పెట్టింది. ఏమీ లేదు. అప్పుడు అడిగింది, "వెచ్చని పక్క ఎంత ఉంటుంది?"

"32 మేడమ్. థర్మోస్టాట్ ఉంది."

"సెన్సరు ఎక్కడ పెట్టారు?"

"అద్దం కింద, వేడి కోసం పరిచిన హీట్ మ్యాట్‌కు అంటించి."

"మరి పాము పడుకునే చోట ఎంత?"

నా నోట మాట రాలేదు. ఈ ప్రశ్న రోజూ పది ఇళ్లల్లో నేను అడిగేది. డయల్ ఐదు మీద పెట్టాను అంటారు, డయల్ కాదమ్మా లోపల ఎంతుందో చూడాలి అంటాను. ఫ్రిజ్ గోడల్లో వేడిని ఆపే పఫ్ నురుగు ఎందుకు పోస్తారో చెప్పి బతికేవాణ్ణి నేను. నాలుగు వేళ్ల కొబ్బరిపొట్టు పఫ్ కాక ఇంకేమి?

ఇంటికొచ్చి చొక్కా కూడా మార్చకుండా, ముట్టుకోకుండానే వేడి కొలిచే ఐఆర్ గన్ పట్టుకొని తొట్టి ముందు కూర్చున్నాను. మ్యాట్ దగ్గర 32. పొట్టు పైన 24. రాత్రి పన్నెండుకు మళ్లీ చూస్తే 22. పాముకు సొంత వేడి ఉండదు, కడుపు కింద వెచ్చగా ఉంటేనే తిన్నది అరుగుతుంది. రెండు నెలలు ఆ జీవాన్ని చల్లని ఫ్రిజ్ అరలో పడుకోబెట్టినట్టే అయింది. నయం ఏమంటే, మ్యాట్‌ను ఇంకా పెంచలేదు. పొట్టు తవ్వుకొని అడుక్కు పోయి ఉంటే కడుపు కాలిపోయేది.

పొట్టు వేలెడు మందానికి తగ్గించాను. సెన్సరు తెచ్చి అది పడుకునే చోట నేల మీద కదలకుండా బిగించాను. తొట్టికి మూడు పక్కలా థర్మోకోల్, జల్లెడ మూత మీద ముప్పావు వంతు రేకు. తేమ కోసం తడినాచు ఒక మూత డబ్బాలో పెట్టి దానికి బెజ్జం చేశాను, కావాలంటే దూరుతుంది. నాలుగు రోజులు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి గన్‌తో చూసి క్యాలెండర్లో రాశాను. 31, 32, 31, 32.

ఫిబ్రవరి మొదటి వారంలో రాత్రి తొమ్మిదికి లైటు ఆర్పి, నలభై గ్రాముల చిన్న ఎలుక చూపించాను. పట్టుకుంది. వారం రోజులు ఎవర్నీ ఆ గది దగ్గరికి రానివ్వలేదు. కక్కలేదు. ఎనిమిదో రోజు తొట్టి మూలలో రెట్ట కనిపిస్తే, నవ్వుకుంటే నవ్వుకోండి, ఫోటో తీసి మావాడికి పంపాను. మార్చిలో కుబుసం ఒక్క ముక్కగా వచ్చింది, కంటిపొరలతో సహా. ఇప్పుడు బరువు 1,295.

ఇప్పుడు ఏప్రిల్. కష్టం తిరగబడింది. బయట 41, మధ్యాహ్నం మధ్యగదిలో 37. ముప్పై ఐదు దాటితే దాని ప్రాణానికే ముప్పు. పైగా కరెంటు కోతలు. ఊరందరికీ ఏసీలు పెట్టే నా ఇంట్లో ఏసీ ఉన్నది ఒకే ఒక్క గదిలో, ఇన్వర్టరు ఉన్నదీ ఆ గదికే. అది మా అమ్మది.

మూడు రోజులు ఎట్లా అడగాలా అని తిరిగాను. నిన్న రాత్రి తనే అంది, "తీసుకొచ్చి ఆ మూలన పెట్టు. పైన గుడ్డ కప్పు. రాత్రిపూట నేను లేచినప్పుడు అది నన్ను చూడకూడదు."