మోకాలి మీద కిలోమీటరు

మా నాన్నకు ఫోన్లో వీడియో ఏది చూపించినా రెండు నిమిషాలు చూసి కళ్లజోడు తీసేస్తాడు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల కనూ అనే పడవ రేసు మాత్రం వరసగా మూడుసార్లు చూశాడు. మొదటిసారి ఏమీ మాట్లాడలేదు. రెండోసారి "మోకాలి మీద నిలబడ్డారేంటమ్మా" అన్నాడు. మూడోసారి తెర మీద వేలు పెట్టి, "వెనకాల కుర్రాడి పని కష్టం" అన్నాడు.

మాది కొల్లేటి లంక. నాన్న నలభై ఏళ్లు దోనె మీద వేటకెళ్లిన మనిషి. తాటిచెట్టు మొదలు కోసి, లోపల తొలిచి చేసిన దోనె అది. లావుగా ఉండే మొదలు వైపు దానంతటదే మూసుకుని ఉంటుంది. కోసిన వైపు బంకమన్ను ముద్ద మెత్తి నీళ్లు రాకుండా ఆపుతారు. చిన్నప్పుడు నన్ను అందులో కూర్చోబెట్టుకుంటే "మెడ తిప్పకు" అని ముందే చెప్పేవాడు. నిజంగానే మెడ తిప్పితే దోనె ఒరిగేది. నీళ్లు తక్కువున్న చోట గెడ వేసేవాడు, లోతున్న చోట తెడ్డు. ఒక పక్కనే తెడ్డు వేస్తూ దోనెను తిన్నగా ఎలా తీసుకెళ్లేవాడో నాకు అప్పుడు అర్థం కాలేదు, అడగాలనీ తోచలేదు.

ఆ సంగతి మళ్లీ గుర్తుకొచ్చింది 2023 అక్టోబరులో. 3వ తేదీన పురుషుల సీ-2, అంటే ఇద్దరు నడిపే కనూ, 1000 మీటర్ల ఫైనల్లో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ సలామ్ కాంస్యం గెలిచారు. అదే రోజు జావెలిన్‌లో అన్నూ రాణి, 5000 మీటర్లలో పారుల్ చౌదరి స్వర్ణాలు తెచ్చారు. మర్నాడు స్కూల్ స్టాఫ్ రూమ్‌లో పేపర్ తిరగేస్తే మొదటి పేజీ అంతా వాళ్లే. అది న్యాయమే, ఆ రెండు పోటీలూ ఒళ్లు పులకరించేలా ఉన్నాయి. కానీ కనూ పతకానికి లోపలి పేజీలో మూలన నాలుగు వాక్యాలు. వాటిలో ఒకటి నన్ను పట్టేసింది. ఆసియా క్రీడల్లో ఈ ఆటలో మనకు వచ్చిన రెండో పతకం ఇదట. మొదటిది 1994లో, హిరోషిమాలో, ఇదే సీ-2 1000 మీటర్లలో సిజి సదానందన్, జానీ రోమెల్ తెచ్చిన కాంస్యం. రెండిటి మధ్యా 29 ఏళ్లు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి రేసు వెతికి చూశాను. తర్వాత ఈ ఆట గురించి దొరికిందల్లా చదివాను.

చాలామంది కయాక్‌నీ కనూనీ ఒకటే అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కయాక్‌లో కాళ్లు ముందుకు చాపి కూర్చుంటారు, తెడ్డుకు రెండు వైపులా రెక్క ఉంటుంది, కుడీ ఎడమా మార్చి మార్చి వేస్తారు. పోటీ కయాక్‌కు కాళ్లతో తిప్పే చుక్కాని కూడా ఉంటుంది. కనూలో ఇవేవీ లేవు. ఒక మోకాలు పడవలో ఆనించి, రెండో కాలు ముందుకు మడిచి పెట్టి, నడుము పైకి లేపి నిలబడాలి. తెడ్డుకు ఒకటే రెక్క. రేసు మొత్తం ఒకే పక్క వెయ్యాలి. చుక్కాని లేదు. పేర్లలో ముందుండే అక్షరం పడవ రకం, కే అంటే కయాక్, సీ అంటే కనూ, పక్కనున్న అంకె మనుషుల లెక్క.

సీ-2లో ముందున్నవాడు ఒక పక్క, వెనకున్నవాడు ఇంకో పక్క తెడ్డు వేస్తారు. ముందువాడు లయ పెడతాడు. వెనకవాడికి వీపు మాత్రమే కనిపిస్తుంది, ఆ వీపు కదలికను బట్టి తన తెడ్డు అదే క్షణంలో నీళ్లలో దిగాలి. పడవ పక్కకు లాగితే సరిచేసేదీ ఎక్కువగా అతనే. తెడ్డు నీళ్లలోంచి తీసే ముందు చిన్న మెలిక తిప్పుతాడు, ముక్కు తిన్నగా నిలబడుతుంది. నాన్న "కష్టం" అన్నది దీన్నే. నేను వారం రోజులు చదివి తెలుసుకున్నదాన్ని ఆయన మూడోసారి చూడగానే పట్టేశాడు.

రేసు జరిగిన ఫూయాంగ్‌లో మనవాళ్ల సమయం 3 నిమిషాల 53.329 సెకన్లు. ఉజ్బెకిస్తాన్ జోడీ 3:43.796తో స్వర్ణం, కజకిస్తాన్ జోడీ 3:49.991తో రజతం తీసుకున్నాయి. లెక్కల టీచర్ని కదా, నోట్‌బుక్ తీసి లెక్క వేశాను. మనవాళ్ల సగటు వేగం గంటకు 15 కిలోమీటర్ల పైమాట, మోకాలి మీద నిలబడి. రజతానికి మనకూ దూరం సుమారు 14 మీటర్లు. సీ-2 పడవ పొడవు 6.5 మీటర్లకు మించకూడదు కాబట్టి రెండు పడవల దూరం. స్వర్ణం మాత్రం 40 మీటర్ల ముందుంది, అంటే ఆరు పడవలు. ఇది కళ్లు మూసుకుని చప్పట్లు కొట్టాల్సిన లెక్క కాదు. ఆ ఆరు పడవల దూరం తగ్గాలంటే ఇంకా ఎంత తెడ్డు వెయ్యాలో ఆ ఇద్దరికీ మనకంటే బాగా తెలుసు.

నాకు బాధనిపించిన సంగతి ఇంకొకటి ఉంది. వాళ్లు పతకం గెలిచిన ఈ దూరం ఒలింపిక్స్‌లో ఇప్పుడు లేదు. టోక్యోలో పురుషుల సీ-2 1000 మీటర్లు ఉంది, క్యూబా గెలిచింది. పారిస్‌కు వచ్చేసరికి దాన్ని 500 మీటర్లు చేశారు. కిలోమీటరుకు అలవాటు పడిన ఊపిరినీ లయనీ సగం దూరానికి మళ్లీ మొదటినుంచి అమర్చుకోవాలి. ఇదే టోక్యోలో ఒక మంచి పని కూడా జరిగింది. 1936 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న ఈ స్ప్రింట్ పోటీల్లో ఆడవాళ్లకు కయాక్ 1948లోనే వచ్చింది గానీ, మోకాలి మీద నిలబడే కనూ మాత్రం టోక్యో దాకా రాలేదు. డెబ్బై ఏళ్లకు పైగా ఎందుకు ఆపారో, కొల్లేట్లో ఆడవాళ్లు దోనె నడపడం చూస్తూ పెరిగిన నేను ఏ కారణం చెప్పినా ఒప్పుకోలేను.

అదే అక్టోబరు చివర్లో అదే హాంగ్‌ఝౌలో పారా ఆసియా క్రీడలు జరిగాయి. గ్వాలియర్ అమ్మాయి ప్రాచీ యాదవ్ 200 మీటర్ల కయాక్ కేఎల్2లో (ఇక్కడ అంకె మనుషుల లెక్క కాదు, వైకల్యాన్ని బట్టి పెట్టిన తరగతి) స్వర్ణం, పక్కన తేలుడు కట్టె ఉండే వా పడవలో, వీఎల్2లో రజతం గెలిచింది. పడవలో బలం చాలావరకు కాళ్లలోంచే పుడుతుంది. కాళ్లతో నొక్కితేనే నడుము తిరుగుతుంది, నడుము తిరిగితేనే తెడ్డు లాగుతుంది. ప్రాచీకి కాళ్లు సహకరించవు. ఆ పని చాలావరకు భుజాలు, చేతులే చేయాలి. ఆమె రేసు కూడా నాన్నకు చూపించాను. చూసి, తన భుజం మీద చెయ్యి వేసుకుని కాసేపు నొక్కుకున్నాడు.

తర్వాత సునీల్ గురించి చెప్పాను. మణిపూర్‌లో లోక్‌తక్ సరస్సు దగ్గరివాడనీ, వాళ్ల నాన్న చేపలు పడతాడనీ. ఆ సరస్సు మీద గడ్డీ వేళ్లూ మట్టీ కలిసి తేలే తిప్పలు ఉంటాయి, వాటిని ఫుమ్డీలంటారని చెబితే, "మన కిక్కిస గుట్టల్లాంటివా" అన్నాడు. అర్జున్ వాళ్ల అమ్మ రూర్కీలో మందుల ఫ్యాక్టరీలో పని చేసి కొడుకుని పెంచిందని కూడా చెప్పాను. అంతా విన్నాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆ మణిపూర్ కుర్రాడి నాన్న ఏ చెట్టు దోనె మీద వెళతాడో కనుక్కో అమ్మా" అన్నాడు. "తాటిది మాత్రం అయ్యుండదు."