టవర్ లేని ఉదయగిరి కొండ మీద జీపీఎస్

ఉదయగిరి దుర్గం ఎక్కుతున్నామంటే తెలిసినవాళ్లంతా ఒకటే చెప్పారు: పైకి పోయేకొద్దీ నెట్ ఉండదు, దారులు చీలిపోతాయి, జాగ్రత్త.

"నెట్ లేకుండా మ్యాప్ ఎట్టా పనిచేస్తుందిరా?" అన్నాడు బావ. అదేదో నెల్లూరులోనే తేల్చుకుందామని మిద్దె ఎక్కి, ఏరోప్లేన్ మోడ్ పెట్టి లొకేషన్ ఆన్ చేశాం. కాసేపటికి నీలం చుక్క వచ్చింది, చుట్టూ వీధులు మాత్రం లేవు. చుక్క ఉపగ్రహాల నుంచి వస్తుంది, వీధుల బొమ్మ నెట్ నుంచి వస్తుంది.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తామెక్కడున్నాయో, టైమెంతో చెబుతూనే ఉంటాయి. ఫోన్ రేడియోలాగా వినడమే తప్ప వాటికి ఏమీ పంపదు. సిగ్నల్ వచ్చిన ఆలస్యాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. ఫోన్ గడియారంలోని తేడా కూడా సరిచేసుకోవాలి కాబట్టి కనీసం 4 ఉపగ్రహాలు దొరకాలి.

మరి డేటా ఎందుకంటే, తొందర కోసం. ఉపగ్రహం తన వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున నింపాదిగా పంపుతుంది. ఒక్కో ఉపగ్రహం కక్ష్య వివరాలకే అర నిమిషం దాకా పడుతుంది, అన్ని ఉపగ్రహాల పట్టిక మొత్తం కావాలంటే పన్నెండున్నర నిమిషాలు. అవే నెట్‌లో సెకన్లలో వచ్చేస్తాయి. అందుకే ఉదయగిరి ఊళ్లో డేటా ఉండగానే లొకేషన్ ఆన్ చేసి, చుక్క కుదురుకున్నాకే కదిలాం.

గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతాన్ని ముందే డౌన్‌లోడ్ చేశాం. కారు దారికి అది చాలు, నడక దారి మాత్రం ఆఫ్‌లైన్‌లో చూపించదు. కొండకు ఓఎస్ఎమ్ అండ్ (OsmAnd) అనే మ్యాప్ యాప్ వేసుకుని, నడిచిన దారిని రికార్డు చేశాం. దిగేటప్పుడు చీలిక వచ్చిన ప్రతిచోటా ఆ గీతే మాకు దిక్కు. చెట్లూ పెద్ద బండలూ ఉన్నచోట చుక్క పక్కకు జరిగేది, బావ కంగారుపడేవాడు. సిగ్నల్ బండలకు తగిలి తిరిగొస్తే లెక్క తప్పుతుంది మరి. ఎత్తు అంకెను నేనైతే అసలు పట్టించుకోలేదు, అడ్డం కంటే నిలువు లెక్కలో తేడా ఎక్కువ.

ఇక మేమెక్కడున్నామో ఇంటికి చెప్పడం. దానికి జీపీఎస్ చాలదు, టవర్ కావాల్సిందే. ఒకచోట డేటా లేకపోయినా ఒక గీత సిగ్నల్ దొరికింది. అక్షాంశ రేఖాంశాలు మామూలు మెసేజ్‌లో పెట్టి అక్కకు పంపాం. ఆ అంకెలేంటో ఆమెకు అర్థం కాలేదట, మేనల్లుడు మ్యాప్‌లో కొట్టి చూపించాడు.