నిమ్మ పండినా తియ్యబడదెందుకు?

మా నెల్లూరు జిల్లాలో నిమ్మ కొనేవాళ్లకు పచ్చికాయ లెక్క వేరు, పండుకాయ లెక్క వేరు. పసుపు తిరిగిన కాయలో రసం ఎక్కువ, పిండటం తేలిక. పులుపు మాత్రం పెద్దగా తగ్గదు. అదే బత్తాయి చెట్టుమీద ముదిరేకొద్దీ తియ్యబడుతుంది. రెండూ ఒకే కుటుంబం. మరి తేడా ఎక్కడ?

రెంటిలోనూ పులుపు సిట్రిక్ ఆమ్లానిదే. షీలే అనే రసాయన శాస్త్రవేత్త 1784లో నిమ్మజాతి రసం నుంచి దీన్ని స్ఫటికాలుగా విడదీశాడు. ఈ ఆమ్లం దాదాపు ప్రతి జీవకణంలోనూ తయారవుతుంది, వెంటనే ఖర్చవుతుంది. నిమ్మలో అలా ఖర్చు కాకుండా నిల్వ పడుతుంది. తొన ఒలిస్తే కనిపించే చిన్న చిన్న రసపు తిత్తుల్లో ప్రతి కణానికీ లోపల ఒక పెద్ద అర ఉంటుంది. దాని గోడలోని పంపులు హైడ్రోజన్ అయాన్లను, అంటే పులుపునిచ్చే విద్యుదావేశ కణాలను, లోపలికి తోస్తూనే ఉంటాయి. ఆమ్లతను కొలిచే అంకె పీహెచ్; అది ఒకటి తగ్గితే అయాన్లు పది రెట్లు పెరిగినట్టు. అరలో పీహెచ్ 2 దగ్గర, దాని చుట్టూ ఉన్న కణద్రవంలో 7 దగ్గర. అంటే అయాన్ల గాఢతలో లక్ష రెట్ల తేడా. బత్తాయిలోనూ పిందె దశలో ఆమ్లం పెరుగుతుంది, కానీ కాయ ముదిరేటప్పుడు దాన్ని వాడేసుకుని చక్కెర నింపుకుంటుంది. కోతకొచ్చేసరికి ఆమ్లం ఒక శాతం లోపే. నిమ్మ రసంలో 100 మి.లీ.కు 6 నుంచి 7 గ్రాములు అలాగే మిగులుతుంది.

సి విటమిన్ వల్లే పులుపు అని చాలామంది నమ్ముతారు. అది తప్పు. అదే 100 మి.లీ.లో సి విటమిన్ కొన్ని పదుల మిల్లీగ్రాములే. నాలుకకు తెలిసేది హైడ్రోజన్ అయాన్లు, వాటిని రుచి కణంలోకి పంపే ద్వారం పేరు ఓటాప్1. షర్బత్‌లో చక్కెర వేస్తే పులుపు తగ్గినట్టు అనిపిస్తుంది గానీ ఆమ్లం ఒక్క చుక్క కూడా తగ్గదు. పంటి మీద పని అది చేస్తూనే ఉంటుంది. తాగాక మంచినీళ్లు పుక్కిలించండి, వెంటనే బ్రష్ చేయకండి.

పులిహోరకు పొయ్యి ఆపాకే రసం పిండాలంటారు. పులుపు పోతుందని కాదు, సిట్రిక్ ఆమ్లం ఆవిరి కాదు. పోయేది వాసన, వచ్చేది చేదు. పావుకిలో బియ్యానికి రెండు మూడు కాయలు చాలు. చెక్కను మరీ నలిపి పిండితే తెల్లటి పొరలోని చేదు కూడా దిగుతుంది. రసం కలిపిన అన్నాన్ని అల్యూమినియం గిన్నెలోనో కళాయి లేని ఇత్తడిలోనో ఉంచకండి, ఆమ్లం లోహాన్ని కరిగిస్తుంది.

లీటరు నీళ్లలో ఒక కాయ పిండుకుని తాగేవాళ్లు బోరు నీళ్ల సంగతి గమనించాలి. 15 మి.లీ. రసమిచ్చే కాయలో ఆమ్లం సుమారు ఒక గ్రాము. లీటరు బోరు నీళ్లలో ఆమ్లాన్ని విరిచేసే బైకార్బనేట్ 500 మిల్లీగ్రాములు ఉంటే, ఆ గ్రాము ఆమ్లంలో సగానికి పైగా దానితోనే ఖర్చయిపోతుంది. క్యాన్ నీళ్లలో పుల్లగా ఉన్న కాయే బోరు నీళ్లలో చప్పగా తోచడానికి కారణం ఇదే. కాయను తప్పుపట్టకండి.

పులుపును కొలవాలంటే కాలేజీ ల్యాబులో పదినిమిషాల పని. రసాన్ని గుడ్డలో వడగట్టి, 10 మి.లీ. తీసి నీళ్లతో 100 మి.లీ. చేయాలి. అందులోంచి 10 మి.లీ. ఫ్లాస్కులో పోసి, ఆమ్లం అయిపోగానే రంగు చూపే ఫినాల్ఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, బ్యూరెట్ అనే కొలత గొట్టం నుంచి 0.1 నార్మల్ గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారాన్ని వదలాలి. లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే ఆపేయాలి. పట్టిన మిల్లీలీటర్లను 0.64తో గుణిస్తే 100 మి.లీ. రసంలోని ఆమ్లం గ్రాముల్లో వస్తుంది. 11 మి.లీ. పడితే 7 గ్రాములన్నమాట. మూత సరిగా లేని పాత హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి బలం తగ్గుతుంది, అప్పుడు ఎక్కువ పోయాల్సి వచ్చి కాయ ఉన్నదానికంటే పుల్లనిదని చూపిస్తుంది. ద్రావణం ఏ రోజుకా రోజు కలుపుకోవడమే మేలు.