ఏడేళ్లకే పళ్లు చూపించండి, క్లిప్పుల కోసం కాదు

పాలపళ్లన్నీ ఊడాక చూద్దాంలే అని శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలామంది పిల్లలకు పన్నెండు, పదమూడేళ్లు వచ్చేదాకా ఆగుతారు. క్లిప్పులు వేయడానికి చాలామందికి అది సరైన వయసే. మొదటిసారి చూపించడానికి మాత్రం ఆలస్యం. అమెరికా ఆర్థోడాంటిస్టుల (పళ్ల వరస, దవడలు సరిచేసే డాక్టర్ల) సంఘం 7 ఏళ్లలోపే ఒకసారి చూపించమంటుంది. అప్పుడు చూపించిన పిల్లల్లో ఎక్కువమందికి వెంటనే వైద్యం అక్కర్లేదు.

ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనక కొత్త దవడపన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కనక అదీ పాలపన్నే అనుకుని పుచ్చినా పట్టించుకోరు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని ముందున్న పాల దవడపన్ను పిప్పిపన్నై నొప్పి చేస్తే పీకించేసి, ఎలాగూ ఊడేదేగా అని ఊరుకుంటారు. ఇక్కడే దెబ్బ తగులుతుంది. వెనక పన్ను ఆ ఖాళీలోకి ఒరుగుతుంది. 10-12 ఏళ్లకు రావాల్సిన పన్నుకు చోటు ఉండదు, వంకరగా వస్తుంది లేదా చిగురులోనే ఉండిపోతుంది. పీకించిన రోజే 'స్పేస్ మెయింటైనర్ వేయాలా?' అని అడగండి. వెనక పన్నుకు రింగు తొడిగి, ఖాళీని కాపాడే చిన్న తీగ అది.

ఇంట్లో వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టి, వెనక పళ్లు కలిపి కొరకమని పెదాలు పైకెత్తి చూడండి. పై పళ్లు కింది పళ్లకు కాస్త బయట ఉండాలి. ఒక్క పై పన్నయినా లోపలికి పడినా, నోరు మూసేటప్పుడు కింది దవడ పక్కకు జారినా ఆగకండి. కింది దవడ ముందుకు వస్తున్నవాళ్లకు మాస్కు వైద్యం (ముఖానికి తగిలించే పరికరంతో పై దవడను ముందుకు లాగడం) పదేళ్లలోపే బాగా పనిచేస్తుంది. ఎత్తుపళ్లు కింది పళ్లకన్నా 6 మిల్లీమీటర్లు దాటి ముందుకు ఉంటే ఆటల్లో పడి పళ్లు విరిగే ప్రమాదం ఎక్కువ. నాలుగేళ్లు దాటినా వేలు చీకుతున్నా, నోరు తెరిచి గురక పెడుతున్నా చెప్పండి. గురకకైతే ముక్కు, గొంతు డాక్టరుకూ చూపించాలి.

పై ముందు పళ్ల మధ్య సందుకు మాత్రం తొందరపడకండి. 2 మిల్లీమీటర్లలోపు ఉంటే కోరపళ్లు వచ్చాక చాలావరకు దానంతటదే మూసుకుంటుంది.

శ్రీకాకుళంలో డెంటల్ కాలేజీ ఉంది. పలాస, టెక్కలి వాళ్లు ఇందుకోసం విశాఖ దాకా వెళ్లక్కర్లేదు.

పదేళ్లకు ఇంకోసారి చూపించాలి. పై కోరపన్ను ఉబ్బు చిగురు మీద వేలికి తగలాలి. తగలకపోతే ఎక్స్‌రే తీస్తారు. దారి తప్పిన కోరపన్నును ఆ వయసులో పాల కోరపన్ను తీసి చాలాసార్లు దారికి తేవచ్చు. పద్నాలుగేళ్లకు తెలిస్తే చిగురు కోసి, గొలుసు కట్టి నెలల తరబడి లాగాల్సి రావచ్చు.